వేళాంగణి, గుణదల యాత్ర: భక్తి నిలబడేలా చేసుకోవడం ఎలా? (నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకి)

"వేళాంగణి వెళ్ళొచ్చాం, గుండ్లు కొట్టించుకున్నాం, కొవ్వొత్తులు వెలిగించాం. వచ్చిన నాలుగో రోజుకి మళ్ళీ మామూలే. ఎక్కడ తేడా కొడుతోంది?" ప్రతి తిరునాళ్ళ తర్వాతా ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. ఒంగోలు వాళ్ళు విజయవాడలోని గుణదల గురించి అడుగుతారు, కావలి, గూడూరు వైపు వాళ్ళు తమిళనాడులోని వేళాంగణి గురించి అడుగుతారు. జవాబు ఇద్దరికీ ఒకటే. బయల్దేరే ముందు తొమ్మిది రోజులు, తిరిగొచ్చాక నలభై రోజులు యాత్రలో భాగమే. ఆ రెండూ వదిలేసి మధ్యలో రెండు రోజుల ప్రయాణం మాత్రమే చేస్తే అది టూరే అవుతుంది, ఎంత ఖర్చు పెట్టినా సరే.

కింద చెప్పినవన్నీ మామూలు కుటుంబం చేయగలిగినవే. వేదాంతం జోలికి పెద్దగా పోవడం లేదు.

దగ్గర ఉండాల్సినవి

- మనిషికొక జపమాల. తిరునాళ్ళలో కొనేటప్పుడు పూసలు లెక్కపెట్టండి. చవక ప్లాస్టిక్ జపమాలల్లో ఒక్కో పదికి తొమ్మిదో పదకొండో ఉండటం మామూలే. సిలువ దగ్గరి తోకలో 5, చుట్టూ పదుల పూసలు 50, మధ్యలో విడి పూసలు 4 ఉండాలి. కొన్నాక గురువు (ఫాదర్) చేత ఆశీర్వదింపజేసుకోండి.
- తెలుగు బైబిలు, మీ విచారణలో (మీ ఊరి చర్చి పరిధిలో) వాడే జపపుస్తకం. ఫోనులో ఉంది కదా అనుకోవద్దు. తిరునాళ్ళలో సిగ్నల్ దొరకదు, ఛార్జింగ్ అంతకంటే దొరకదు.
- చిన్న నోటుబుక్కు, పెన్ను.
- ఆధార్ కార్డు, అసలుదీ జిరాక్సూ. గదికి అడుగుతారు.
- ఓఆర్ఎస్ పొట్లాలు, మీరు రోజూ వేసుకునే మందులు రెండు రోజులకి అదనంగా, వ్యాజిలిన్, దూది, మెత్తటి నూలు సాక్సులు.
- పూజ (చర్చిలో గురువు చేసే దివ్యబలిపూజ, మాస్) చెప్పించాల్సిన వాళ్ళ పేర్ల చీటీ. వేళాంగణి కౌంటర్లో తెలుగు చదివేవాళ్ళు ఉండకపోవచ్చు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోండి. చనిపోయినవాళ్ళ పేర్లు విడిగా, బతికున్నవాళ్ళ పేర్లు విడిగా.

1. ఎక్కడికి, ఎప్పుడు అన్నది తేల్చుకోండి

గుణదలలో లూర్దుమాత పండుగ ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో. లూర్దులో బెర్నదెత్తకు దేవమాత మొదటిసారి కనిపించింది 1858 ఫిబ్రవరి 11న, అందుకే ఆ తేదీ. గుణదలలో మాత స్వరూపాన్ని 1924లో అర్లాటి ఫాదర్‌గారు ప్రతిష్ఠించారు. వేళాంగణిలో ఆగస్టు 29 సాయంత్రం జెండా ఎగరేస్తారు, సెప్టెంబరు 8న దేవమాత పుట్టినరోజు పండుగతో ముగుస్తుంది.

పండుగ రోజుల్లోనే వెళ్ళాలన్న నియమం ఏదీ లేదు. ప్రశాంతంగా ప్రార్థన చేసుకోవాలంటే పండుగ కాని వారంలో, శని ఆదివారాలు తప్పించి వెళ్ళడమే మేలు. తిరునాళ్ళ సందడి కూడా కావాలంటే సరే, కానీ అప్పుడు మౌనం దొరకలేదని తర్వాత బాధపడకండి.

మన పనుల సీజను కూడా చూసుకోవాలి. టంగుటూరు, కొండపి వైపు పొగాకు రైతులకు ఫిబ్రవరి అంటే ఆకు కాల్చే బ్యారన్లు మండే కాలం, మనసంతా ఆకు మీదే ఉంటుంది. వాళ్ళకి ఆగస్టు, సెప్టెంబరు నయం. సముద్రం మీద బతికేవాళ్ళకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మే నెల ఎటూ దేవమాతకు అంకితం చేసిన నెలే కాబట్టి ఎండ తట్టుకోగలిగితే అప్పుడు వెళ్ళొచ్చు. చిన్నపిల్లలుంటే అక్టోబరు మంచిది. జపమాల మాసం, దసరా సెలవులూ కలిసొస్తాయి.

2. ఒకే ఒక్క మనవి రాసుకోండి

నోటుబుక్కు మొదటి పేజీలో ఒక్క వాక్యం. "మా అబ్బాయికి ఉద్యోగం రావాలి" అని రాసుకోవచ్చు, తప్పేమీ లేదు. దాని కింద ఇంకో వాక్యం రాయండి: "వచ్చినా రాకపోయినా నేను మార్చుకోవాల్సింది ఇది." తాగుడు, తోడికోడలితో మాటల్లేకపోవడం, ఆదివారం పూజ ఎగ్గొట్టడం, వడ్డీ లెక్కల్లో మోసం, ఏదైనా ఒకటే. పది రాస్తే ఒక్కటీ జరగదు.

మొక్కు విషయంలో జాగ్రత్త. తీర్చగలిగిందే మొక్కుకోండి. అప్పుచేసి బంగారు బొమ్మ సమర్పించడం కంటే ఆరు నెలలు ప్రతి శనివారం జపమాల చెబుతానని మొక్కుకోవడం కష్టం, అందుకే విలువైనది. "నువ్విది చేస్తే నేనిది చేస్తా" అని బేరంలా కాకుండా "ఇది నీ చేతుల్లో పెడుతున్నా, నేను మాత్రం ఇది చేస్తా" అని పెట్టుకోండి.

3. టికెట్లు, గది

రైలు రిజర్వేషను 60 రోజుల ముందు, ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది. వేళాంగణి జెండా పండుగకి వెళ్ళేవాళ్ళు జూన్ చివరి నుంచే కాచుకుని ఉండాలి. ఒంగోలు, సింగరాయకొండ, కావలి, నెల్లూరు, గూడూరు నుంచి వెళ్ళే చాలా రైళ్ళు చెన్నై సెంట్రల్లో దించుతాయి. నాగపట్నం వైపు రైళ్ళు ఎక్కువగా ఎగ్మోరు నుంచి. రెండిటి మధ్య దూరం రెండు కిలోమీటర్ల లోపే, మెట్రోలో ఒక్క స్టేషను. అయినా సామానుతో, పెద్దవాళ్ళతో ఉంటే మూడు గంటలు మధ్యలో ఉంచుకోండి. మన రైలు ఆలస్యమైతే రెండో రైలు మనకోసం ఆగదు. నాగపట్నంలో దిగితే వేళాంగణికి పన్నెండు కిలోమీటర్లు, బస్సులు వరసగా ఉంటాయి.

గది కోసం ముందు క్షేత్రం వాళ్ళ వసతి గృహాల్లోనే ప్రయత్నించండి. బస్టాండులో మన భాషలో పలకరించి చెయ్యి పట్టుకు లాక్కెళ్ళేవాళ్ళకి కమీషను ఉంటుంది, అది మీ అద్దెలోనే కలుస్తుంది. గది చూడకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

4. నవదినాలు: తేదీ వెనక్కి లెక్కపెట్టండి

పండుగ రోజుకి ముందు తొమ్మిది రోజులు పూర్తికావాలి. గుణదల ఫిబ్రవరి 11కి అయితే ఫిబ్రవరి 2న మొదలుపెట్టి 10న ముగించాలి. వేళాంగణి సెప్టెంబరు 8కి అయితే ఆగస్టు 30న మొదలు, సెప్టెంబరు 7న ముగింపు. పండుగ కాని రోజుల్లో వెళ్తుంటే మీరు బయల్దేరే రోజే పదో రోజు అయ్యేలా చూసుకోండి. మధ్యలో ఒకరోజు తప్పితే మళ్ళీ మొదటినుంచి చెయ్యాలని భయపడక్కర్లేదు, మరునాడు రెండూ కలిపి చెప్పుకుని ముందుకి సాగండి.

రోజూ జపమాల, దానికి కావాల్సింది ఇరవై నిమిషాలు. వరస ఇది: సిలువ గుర్తు, విశ్వాస సంగ్రహం, ఒక పరలోక జపం, మూడు మంగళవార్త జపాలు (మరియమ్మకు చెప్పే జపం), త్రిత్వ స్తోత్రం. తర్వాత ఒక్కో దేవరహస్యానికి (యేసు, మరియమ్మల జీవితంలోని ఒక ఘట్టానికి) ఒక పరలోక జపం, పది మంగళవార్తలు, ఒక త్రిత్వ స్తోత్రం. ఇలా ఐదు. మొత్తం మంగళవార్తలు 53.

సోమ, శనివారాల్లో సంతోష దేవరహస్యాలు, మంగళ, శుక్రవారాల్లో దుఃఖ దేవరహస్యాలు, బుధ, ఆదివారాల్లో మహిమ దేవరహస్యాలు. గురువారం వెలుగు దేవరహస్యాలు. వీటిని 2002లో రెండవ జాన్ పాల్ పోపుగారు చేర్చారు కాబట్టి పాత జపపుస్తకాల్లో ఉండవు. మీ ఇంట్లో అమ్మమ్మ గురువారం వేరేవి చెబుతుంటే సరిదిద్దబోకండి, అదీ చెల్లుతుంది.

ఎక్కువమంది చేసే పొరపాటు వేగం. ఒకరు మొదటి సగం పూర్తిచేయకముందే రెండోవాళ్ళు రెండో సగం అందుకుంటారు. వినేవాళ్ళకి "దేవవరప్రసాదముచేత" అన్న మాట ఎప్పుడూ పూర్తిగా వినపడదు. దీనికి ఉపాయం: ప్రతి దేవరహస్యం పేరు చెప్పాక, పరలోక జపం ఎత్తుకునే ముందు, లోపల నెమ్మదిగా పది లెక్కపెట్టేంతసేపు ఆగండి. ఆ ఘట్టంలో ఒక్క మనిషిని చూడండి. మేరీమాత ఎలిజబెతమ్మను చూడబోయిన ఘట్టమైతే గడపలో నిలబడ్డ ఆ ముసలామెను. అంతే చాలు. ఇరవై నిమిషాల్లో కావాల్సింది పన్నెండు నిమిషాల్లో అయిపోతే మీరు పరుగెత్తుతున్నట్టే.

ఇంట్లో అందరూ కూర్చోకపోతే? టీవీ ఆపమని గొడవపడి మొదలుపెట్టే జపమాల ఎవరికీ మేలు చేయదు. మీరొక్కరే మొదలుపెట్టండి, ఒకే చోట, ఒకే వేళకి. మూడో నాలుగో రోజుకి పిల్లలు వచ్చి పక్కన కూర్చుంటే కూర్చుంటారు. పూర్తి జపమాల కుదరనివాళ్ళు ఒక్క దేవరహస్యం చెప్పినా చాలు, రోజూ చెప్పాలి.

5. పాపసంకీర్తనం ఊళ్ళోనే చేసుకుని వెళ్ళండి

పాపసంకీర్తనం అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం. ఈ మొత్తం వ్యవహారంలో దీనికే ఎక్కువ బరువు. చాలామంది "అక్కడికెళ్ళాక చేసుకుందాంలే" అంటారు. అక్కడ పొడుగాటి వరస ఉంటుంది, భాష తెలిసిన గురువు దొరకాలి, వెనకాల యాభైమంది నిలబడి ఉంటే మీరు తొందరపడతారు. చివరికి రెండు మాటలు చెప్పి వచ్చేస్తారు, లేదంటే అసలు చేయకుండానే దివ్యసత్ప్రసాదానికి (పూజలో ఇచ్చే అప్పానికి) వరసలో నిలబడతారు. రెండోది మరీ తప్పు. చావైన పాపం (తెలిసి, కావాలని చేసిన పెద్ద పాపం) ఉందని తెలిసి పాపసంకీర్తనం లేకుండా సత్ప్రసాదం తీసుకోకూడదు.

చేయాల్సిన తీరు: బయల్దేరే వారంలో విచారణ గురువులను ముందే అడిగి సమయం తీసుకోండి. ముందురోజు రాత్రి పది ఆజ్ఞలు ఒక్కొక్కటి చదువుతూ ఆత్మశోధన చేసుకోండి. గురువు దగ్గర మొదట "నేను పాపసంకీర్తనం చేసి ఇన్నాళ్ళయింది" అని చెప్పండి. పదిహేనేళ్ళయినా పర్వాలేదు, గురువులకిది కొత్తేం కాదు. తర్వాత పాపం, ఎన్నిసార్లు అన్నది. లెక్క తెలియకపోతే "వారానికి ఒకసారి చొప్పున రెండేళ్ళు" అన్నట్టు ఉజ్జాయింపుగా చెప్పండి. కథలు అక్కర్లేదు, ముఖ్యంగా మీ ఆయన పాపాలు, మీ అత్తగారి పాపాలు అసలే అక్కర్లేదు. పశ్చాత్తాప జపం గుర్తులేకపోతే చీటీ మీద రాసుకెళ్ళొచ్చు. ఇచ్చిన ప్రాయశ్చిత్తం గుడి దాటకముందే ముగించండి, తర్వాత అనుకుంటే మరిచిపోతారు.

ఎవరికైనా డబ్బు బాకీ ఉండి ఎగ్గొడుతుంటే, పొలం గట్టు జరిపి ఉంటే, అది సరిచేసే పని యాత్రకి ముందే మొదలుపెట్టండి. హుండీలో వేసే డబ్బు దానికి బదులు కాదు.

6. ప్రయాణం

బస్సు మాట్లాడుకుని ఊరంతా వెళ్తుంటే ముందే ఒక మాట అనుకోండి: పోయేటప్పుడు సినిమా పాటలు లేవు, మందు లేదు, మొదటి గంట జపమాల. వచ్చేటప్పటి సంగతి మీ ఇష్టం అనకండి, పాడయ్యేది అప్పుడే.

నడిచి వెళ్ళేవాళ్ళకి లెక్క ఇది. ఒంగోలు నుంచి మేదరమెట్ల, మార్టూరు, చిలకలూరిపేట, గుంటూరు మీదుగా గుణదల దాదాపు 150 కిలోమీటర్లు. రోజుకి 25 చొప్పున ఆరు రోజులు. నెల్లూరు నుంచైతే ఇంకో ఐదు రోజులు కలుపుకోండి. మొదటిరోజు ఉత్సాహంలో 40 నడిచినవాళ్ళే మూడోరోజు ఆటో ఎక్కుతారు.

- తెల్లవారుజామున నాలుగింటికి మొదలు, పదింటికి ఆపడం. మళ్ళీ సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు. రాత్రి హైవే మీద నడవొద్దు.
- సర్వీసు రోడ్డు ఉన్నచోట దాని మీదే నడవండి. లేనిచోట ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా కుడివైపున, ఒకరి వెనక ఒకరు. చీకట్లో ముందూ వెనకా నడిచేవాళ్ళకి మెరిసే టేపు అంటించిన చొక్కాలు.
- కొత్త చెప్పులు వద్దు. బొబ్బ లేస్తే తోలు పీకొద్దు, కడిగి తుడిచి దూది పెట్టి కట్టండి.
- ఒక ఓఆర్ఎస్ పొట్లం ఒక లీటరు నీళ్ళలో. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి.
- షుగరు ఉన్నవాళ్ళు ఒట్టికాళ్ళతో నడవకూడదు. కాలికి గాయమైనా తెలియదు, తర్వాత ప్రాణం మీదికొస్తుంది. మొక్కుకుని ఉంటే ఈ వ్యాసం చివర చూడండి.

7. క్షేత్రంలో ఏ వరసలో చేయాలి

వేళాంగణిలో దిగగానే జనం గుండు దగ్గరికో, సముద్రం దగ్గరికో పరుగెత్తుతారు. మీరు గదిలో స్నానం చేసి ముందు నోటీసు బోర్డు చూడండి. ఏ భాష పూజ ఏ గంటకో అక్కడ ఉంటుంది. తెలుగు పూజ వేళ రాసుకుని మిగతా రోజంతా దాని చుట్టూ అమర్చుకోండి. సత్ప్రసాదానికి ఒక గంట ముందు నుంచీ ఏమీ తినకూడదు, నీళ్ళకీ మందులకీ అడ్డంలేదు.

తర్వాత దర్శనాలు. జరిగిన క్రమంలోనే చూడండి. మొదట మాతకుళం, అంటే చెరువు దగ్గర పాలు తీసుకెళ్ళే కుర్రాడికి దేవమాత కనిపించి బిడ్డకు పాలడిగారని చెప్పే చోటు. రెండోది నడుత్తిట్టు, మజ్జిగ అమ్మే కుంటి పిల్లవాడు నడిచాడని చెప్పే దిబ్బ. మూడోది బసిలికా, అంటే పోపుగారు ప్రత్యేక హోదా ఇచ్చిన పెద్ద గుడి. తుపానులో చిక్కుకున్న పోర్చుగీసు నావికులు సెప్టెంబరు 8న ఒడ్డుకు చేరి కృతజ్ఞతగా కట్టిన గుడి దీనికి మూలం. 1962లో ఇరవైమూడవ జాన్ పోపుగారు బసిలికా హోదా ఇచ్చారు. ఒక్కోచోట ఒక్క దేవరహస్యం చెప్పి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. ఫొటోలు అన్నిటికన్నా చివర.

బసిలికా నుంచి మాతకుళం దాకా ఇసుక దారిలో మోకాళ్ళ మీద వెళ్ళే మొక్కు ఉంటే పొద్దున్నే ఎండెక్కకముందో, పొద్దుగూకాకో చేయండి. మధ్యాహ్నం ఇసుక కాలుతుంది, చర్మం లేచిపోతుంది. చీరకట్టుతో ఉన్న ఆడవాళ్ళు మోకాలి దగ్గర గుడ్డ మడత వేసి కట్టుకుంటే నయం.

సముద్రంలో మోకాలిలోతు దాటొద్దు. మన మైపాడు, కొత్తపట్నం తీరాల్లో ఎంత జాగ్రత్తో అక్కడా అంతే. పుణ్యక్షేత్రం పక్కనుంది కదా అని అల వెనక్కి తగ్గదు.

గుణదలలో అయితే ముందు పూజ, తర్వాత మాత స్వరూపం దగ్గర ప్రార్థన, ఆ తర్వాత సిలువమార్గం (క్రీస్తు శ్రమల ఘట్టాల దగ్గర ఆగి చేసే ప్రార్థన) చేస్తూ కొండెక్కడం. పధ్నాలుగు స్థలాలకి గంట పెట్టుకోండి. తలనీలాలు, కొబ్బరికాయలు మనవాళ్ళ ఆచారం, ఇవ్వొచ్చు. ఆ వరసలో నిలబడటానికి పూజ వదులుకోవద్దు. జేబుదొంగలు అన్నిటికంటే ఎక్కువ ఉండేది ఆ వరసల్లోనే.

ఒంగోలు చుట్టుపక్కల బాప్టిస్టు కుటుంబాలతో సంబంధాలు కలుపుకున్నవాళ్ళు చాలామంది. కోడలో అల్లుడో మీతో వస్తే "మరియమ్మను ఆరాధిస్తారా?" అని అడుగుతారు. ఆరాధన దేవునికే, మా కోసం ప్రార్థించమని తల్లిని అడుగుతాం అని చెప్పి ఊరుకోండి, బస్సులో వాదన పెట్టుకోకండి. హిందూ స్నేహితులు వచ్చినా సరే, ప్రార్థనలో కలవచ్చు, కొవ్వొత్తి వెలిగించవచ్చు. సత్ప్రసాదం మాత్రం తీసుకోకూడదని వరసలోకి రాకముందే మెల్లగా చెప్పండి. అక్కడిదాకా వచ్చాక చెబితే అవమానంగా ఉంటుంది.

నూనె, నీళ్ళు ఇంటికి తెచ్చుకోవచ్చు. వాటిని నమ్మి బీపీ, షుగరు, ఫిట్సు మందులు ఆపడం మాత్రం ప్రమాదం.

8. తిరిగొచ్చాక నలభై రోజులు

వచ్చిన మొదటి ఆదివారమే మీ విచారణ గుడికి వెళ్ళండి, అలసట అనకుండా. రోజూ కనీసం ఒక దేవరహస్యం, నవదినాల్లో కూర్చున్న చోటే. నోటుబుక్కులో రెండో వాక్యంగా రాసుకున్న పని మొదటి వారంలోనే మొదలుపెట్టాలి. తోడికోడలితో మాట్లాడాలంటే ప్రసాదం చేతిలో పెట్టడమే మంచి వంక.

ఆపైన కొనసాగించాలనుకుంటే ఐదు మొదటి శనివారాల భక్తి చేయండి. వరసగా అయిదు నెలలు, ప్రతి నెలా మొదటి శనివారం పాపసంకీర్తనం, సత్ప్రసాదం, జపమాల, దేవరహస్యాల మీద పదిహేను నిమిషాల ధ్యానం. పాపసంకీర్తనం ఆ రోజే కుదరకపోతే దగ్గరి రోజుల్లో చేసుకున్నా సరిపోతుంది.

ఫలించిందా లేదా చూసుకోవడం

కళ్ళనీళ్ళు వచ్చాయా, ఒళ్ళు పులకరించిందా అన్నది కొలత కానేకాదు. కొందరికి వస్తాయి, కొందరికి జన్మలో రావు. నలభయ్యో రోజున నోటుబుక్కు తెరిచి ఇవి చూడండి:

- ఆరు ఆదివారాల్లో ఎన్ని పూజలు తప్పాయి? జబ్బు, డ్యూటీ కాకుండా?
- జపం చెప్పని రోజులు ఎన్ని? పదికి మించితే వేళ మార్చండి. రాత్రి నిద్ర ముంచుకొస్తుంటే పొద్దున టీకి ముందు పెట్టుకోండి.
- రెండో వాక్యం ఎంతవరకు వచ్చింది? మీరు చెప్పడం కాదు, ఇంట్లోవాళ్ళని అడగండి.
- మనవి నెరవేరకపోయినా ప్రార్థన సాగుతోందా?

మూడో వారానికి ప్రార్థన ఎండిపోయినట్టు, ఊరికే నోటితో అంటున్నట్టు అనిపించడం మామూలే. అప్పుడు పెంచొద్దు, ఆపొద్దు. ఉన్నది ఉన్నట్టు సాగించండి. ఏడాదికోసారి కొత్త క్షేత్రం వెతుక్కుంటూ పోవడం దీనికి మందు కాదు.

మొక్కు తీర్చలేకపోతే

జబ్బుచేసో, డబ్బుల్లేకో, వయసు మీదపడో మొక్కు ఉండిపోయిందని ఏళ్ళతరబడి కుమిలిపోయేవాళ్ళు మన ఊళ్ళలో చాలామంది. ఏ కీడు జరిగినా దానికే అంటగడతారు. తిరుసభ (కతోలిక సంఘం) చట్టంలో దీనికి దారి ఉంది. మీరు సొంతంగా మొక్కుకున్నదాన్ని దానికి సమానమైన, లేదా అంతకంటే మంచి పనిగా మీరే మార్చుకోవచ్చు. తగ్గించుకోవాలన్నా, పూర్తిగా విడుదల కావాలన్నా విచారణ గురువులకు ఆ అధికారం ఉంది, తగిన కారణం చెప్పి అడిగితే చాలు. పూజ ముగిశాక అయిదు నిమిషాలు ఆగి, ఏం మొక్కారో, ఎప్పుడు మొక్కారో, ఎందుకు కుదరడం లేదో చెప్పండి. మంచాన పడ్డవాళ్ళ తరఫున ఇంట్లోవాళ్ళు గురువును పిలుచుకురావచ్చు. వచ్చినప్పుడు పాపసంకీర్తనం, సత్ప్రసాదం కూడా అక్కడే జరిగిపోతాయి.